లేయర్ ఫారం వాసన, ఈగలు, కాలవలోకి పారే మురికి: తగ్గించుకోవడం ఎలా? మొదటి నుంచి చివరి దాకా

అనపర్తి, బిక్కవోలు, మండపేట, తణుకు వైపు కోళ్ల ఫారం ఉన్న ఏ ఊరికి వెళ్లినా జనం చెప్పేవి మూడే మూడు: వాసన, ఈగలు, వానొస్తే బోదెలోకి దిగే నల్లనీళ్లు. ఫారం వాళ్లు వెంటనే చేసే పని కూడా ఒకటే, మందుల షాపుకి వెళ్లి ఈగల మందో వాసన పోగొట్టే పొడో తెచ్చి చల్లడం. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఎందుకంటే ఆ మూడింటికీ మూలం ఒక్కటే, తడి ఎరువు. ఎరువు ఎండితే వాసన తగ్గుతుంది, ఈగ గుడ్డు పెట్టినా పురుగు బతకదు, కాలవలోకి పారడానికి ఏమీ ఉండదు. కాబట్టి కింద చెప్పే పనులు ఇదే వరసలో చేయండి. నీళ్ల సంగతి చూడకుండా మందుల దగ్గర మొదలుపెడితే డబ్బు పోతుంది, ఊరివాళ్ల కోపం అలాగే ఉంటుంది.

ముందు మీ ఫారం లెక్క వేసుకోండి

50,000 లేయర్ కోళ్ల (గుడ్లు పెట్టే కోళ్ల) ఫారం అనుకుందాం. ఒక్కో కోడి రోజుకి 110 నుంచి 120 గ్రాముల పచ్చి ఎరువు వేస్తుంది, అంటే రోజుకి దాదాపు 6 టన్నులు. అదే ఫారంలో 90 శాతం గుడ్డు వస్తున్నా ఆ రోజు గుడ్ల బరువు రెండున్నర టన్నులే. మనం గుడ్లు అమ్ముతున్నాం అనుకుంటాం గానీ బరువులో చూస్తే మన షెడ్డులో ఎక్కువగా తయారయ్యేది ఎరువే, దానికి మాత్రం ఒక సూపర్‌వైజరూ ఉండడు, ఒక రిజిస్టరూ ఉండదు.

ఆ 6 టన్నుల్లో ముప్పాతిక వంతు నీళ్లే. తడి 30 శాతానికి దిగేలా ఎండబెట్టగలిగితే మిగిలేది 2 టన్నుల పైచిలుకు. లారీ కిరాయి, నిల్వ స్థలం, వాసన అన్నీ ఆ మేరకు తగ్గిపోతాయి.

ఇంకో లెక్క. కోడి రోజుకి 110 గ్రాముల దాణా తింటుంది, అందులో 17 శాతం ప్రోటీన్ ఉంటే దాంట్లోంచి వచ్చే నత్రజని సుమారు 3 గ్రాములు. గుడ్డులోకి వెళ్లేది ఒక గ్రాము. మిగతా రెండు గ్రాములు కింద పడతాయి. 50,000 కోళ్లకి అది రోజుకి 100 కిలోల నత్రజని, అంటే దాదాపు 5 యూరియా బస్తాల్లో ఉండేంత. అది పొలానికి వెళ్తే ఎరువు, గాలిలోకి వెళ్తే అమ్మోనియా, నీళ్లలోకి వెళ్తే నైట్రేట్. ఈ మార్గదర్శి అంతా ఆ 100 కిలోలని పొలం దాకా ఎలా చేర్చాలన్నదాని గురించే.

మొదటి పని: నీళ్ల మీటరు పెట్టండి

ఇది అన్నింటికంటే చవక పని, ఎక్కువమంది చేయని పని కూడా. ప్రతి షెడ్డుకీ నీళ్ల పైపు లోపలికి వెళ్లే చోట ఒక మీటరు బిగించండి. మామూలు వాతావరణంలో కోడి తిన్న దాణాకి రెండింతలు నీళ్లు తాగుతుంది. 50,000 కోళ్లు 5,500 కిలోల దాణా తింటే 11,000 లీటర్లు సరిపోవాలి. ఎండలు లేని రోజుల్లో మీటరు 15,000 చూపిస్తోందంటే ఆ మిగతా 4,000 లీటర్లు కోళ్లు తాగలేదు, కేజీల (కోళ్లుండే ఇనుప గూళ్ల) కిందకి పోయాయి. ఎక్కడ కారుతోందో వెతకండి.

వెతకడం కష్టమేమీ కాదు. పొద్దున్నే టార్చి పట్టుకుని కేజీల కింద నడవండి. ఎరువు కోసుగా కుప్ప కట్టి లేస్తున్న చోట పైన నిప్పిల్ (కోడి ముక్కుతో పొడిచి నీళ్లు తాగే చిన్న మూతి) బాగుంది, బల్లపరుపుగా జారిపోయి నల్లగా మెరుస్తున్న చోట దాని పైన నిప్పిల్ కారుతోంది. సుద్దతో గుర్తు పెట్టి ఆ రోజే మార్చేయండి. ఎక్కువ సార్లు నిప్పిల్ పాడవ్వదు, లోపల ఇసుకో, తుప్పో, మందుల పొడి ముద్దో ఇరుక్కుంటుంది, అందుకని ట్యాంకు దగ్గర ఫిల్టర్, బ్యాచ్ మధ్యలో పైపులు కడగడం తప్పనిసరి. పైపులో ఒత్తిడి ఎక్కువైనా ప్రతి నిప్పిల్ కారుతుంది, నిప్పిల్ కంపెనీ చెప్పిన ఒత్తిడికి రెగ్యులేటర్ తిప్పుకోండి. పాత షెడ్లలో ఇంకా తొట్టి కాలవల్లో నీళ్లు పారించేవాళ్లు ఉంటే, ఈ మొత్తం జాబితాలో మీరు మొదట ఖర్చు పెట్టాల్సింది నిప్పిళ్లకే.

ఏప్రిల్, మే నెలల్లో లెక్క మారుతుంది. మన ఎండలకి కోడి తాగే నీళ్లు చాలా పెరుగుతాయి, రెట్ట పలచబడుతుంది, పైగా ఫాగర్లు తిప్పుతాం. ఫాగర్ నుంచి వచ్చేది పొగమంచులా గాలిలోనే ఆరిపోవాలి, కేజీ మీద చుక్కలుగా కారకూడదు. కారుతోందంటే నాజిల్ అరిగిపోయింది.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే చూడండి. దాణాలో ఎండు చేప వాడేవాళ్లు దాని ఉప్పు ఎంతో పరీక్ష చేయించకుండా మామూలు ఉప్పు కూడా కలిపేస్తారు, కోడి ఆ ఉప్పుని బయటికి పంపడానికి ఎక్కువ తాగుతుంది, రెట్ట నీళ్లలా అవుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

రెండో పని: దాణాలోనే కొంత కాలుష్యం ఆపొచ్చు

యూరోపియన్ యూనియన్ 2017లో పెద్ద కోళ్ల, పందుల ఫారాలకి (40,000 పైబడి కోళ్లు, 30 కిలోలు దాటిన మాంసం పందులు 2,000 పైబడి, లేదా ఆడ పందులు 750 పైబడి) పాటించాల్సిన పద్ధతుల పట్టిక విడుదల చేసింది. దాంట్లో దాణాకి పెద్ద పీట వేశారు. అక్కడి చట్టం మనకి వర్తించదు, కానీ కోడి కడుపు ఎక్కడైనా ఒకటే.

చేయాల్సింది ఇది. ప్రోటీన్ శాతాన్ని ఒక పాయింట్ దించి, మెథియోనిన్, లైసిన్, థ్రియోనిన్ లాంటి అమైనో ఆమ్లాలు విడిగా కలిపి సరిచేయండి. 17 నుంచి 16కి దించితే కోడికి రోజుకి 0.18 గ్రాముల నత్రజని తక్కువ వెళ్తుంది, మనం పైన చెప్పుకున్న రెండు గ్రాముల్లో అది 9 శాతం. ఫారం మొత్తానికి రోజుకి దాదాపు 9 కిలోలు. గుడ్డు తగ్గకుండా ఇది చేయాలంటే ఫార్ములా మీ న్యూట్రిషనిస్టు చేత వేయించాలి, సోయా తీసేసి ఊరికే మొక్కజొన్న పెంచితే గుడ్డు సైజు పడిపోతుంది. వయసుని బట్టి దాణా మార్చడం కూడా ముఖ్యం, 25 వారాల పెట్టకీ 70 వారాల పెట్టకీ ఒకే దాణా వేయడం అంటే ముసలి కోడికి అక్కర్లేని ప్రోటీన్ కొనిపెట్టడమే.

రెండోది ఫైటేజ్. మొక్కజొన్న, సోయా, ముఖ్యంగా మనవాళ్లు విరివిగా వాడే నూనె తీసిన తౌడులో భాస్వరం చాలావరకు ఫైటేట్ రూపంలో ఉంటుంది, కోడి దాన్ని పెద్దగా అరిగించుకోలేదు. అందుకని డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్, అంటే భాస్వరం ఇచ్చే పొడి) కలుపుతాం, ఆ అరగనిదేమో ఎరువులోకి పోతుంది. ఫైటేజ్ ఎంజైమ్ వేస్తే ఆ అరగని భాస్వరం కోడికి అందుతుంది. కానీ చాలామంది ఫైటేజ్ వేస్తూనే డీసీపీ తగ్గించరు, భయం. తగ్గించకపోతే ఎంజైమ్ ఖర్చు దండగ, ఎరువులో భాస్వరం అలాగే ఉంటుంది.

మందుల విషయం ఒక్క మాట: కోలిస్టిన్‌ని ఆహార జంతువులకి వాడటాన్ని మన దేశంలో 2019 జులైలో నిషేధించారు. మిగతా యాంటీబయాటిక్స్ కూడా జబ్బు లేకుండా దాణాలో కలపొద్దు, అవి కొంత మేరకు ఎరువులోకే దిగి, అక్కడి నుంచి పొలానికీ చెరువుకీ వెళ్తాయి.

మూడో పని: కేజీల కింద ఎరువుని ఎండనివ్వండి

ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈగల గొడవంతా ఇక్కడే.

మన ఎండలకి ఈగ గుడ్డు నుంచి ఈగ అవడానికి వారం నుంచి పది రోజులు చాలు. ఒక్కో ఆడ ఈగ ఒక విడతకి వంద పైనే గుడ్లు పెడుతుంది. పురుగు బతకడానికి ఎరువులో తడి సగం కంటే ఎక్కువ ఉండాలి, 30 శాతానికి దిగితే బతకదు. అంటే పచ్చి ఎరువు పడిన వారంలోపు ఎండిపోవాలి, లేదా వారంలోపు షెడ్డు నుంచి వెళ్లిపోవాలి. కేజీల కింద ఎరువు మోసే బెల్టులున్న కొత్త షెడ్లలో రెండో దారి సులువు, వారానికి రెండుసార్లు బెల్టు తిప్పి కప్పు ఉన్న షెడ్డులోకి తోలేయొచ్చు. మనకి ఎక్కువగా ఉన్నవి స్తంభాల మీద ఎత్తులో కేజీలు, కింద నెలల తరబడి ఎరువు పోగయ్యే షెడ్లు. వాటిలో మొదటి దారే.

అన్నిటికంటే చెడ్డ పద్ధతి నెలకోసారి కిందంతా నేల కనిపించేలా ఎత్తేయడం. శుభ్రంగా కనిపిస్తుంది, కానీ ఆ తర్వాత పడే పచ్చి ఎరువు పలచటి పొరగా నేల మీద పరుచుకుంటుంది, ఎండదు, రెండు వారాల్లో ఈగలు లేస్తాయి. పైగా ఎరువులో ఈగ గుడ్లని, పురుగుల్ని తినే చిన్న నల్ల పెంకు పురుగులు, ఎర్రటి నల్లులు ఉంటాయి, అవి ఎండిన పాత ఎరువులోనే నిలదొక్కుకుంటాయి. మొత్తం ఎత్తేస్తే అవీ పోతాయి, ఈగలు పది రోజుల్లో తిరిగొస్తాయి గానీ ఈ మిత్ర పురుగులు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. అందుకని ఎత్తేటప్పుడు అడుగున జానెడు ఎండు పొర వదిలేయండి. ఒకసారి ఒక వరస, కొన్ని వారాల తర్వాత పక్క వరస. వీలైతే చలికాలంలో, ఈగలు తక్కువున్నప్పుడు.

ఎండాలంటే గాలి ఆడాలి. షెడ్డు చుట్టూ పిచ్చి మొక్కలు, పాత కేజీలు, గోనె పట్టాలు అడ్డం పెట్టి ఉంటే తీసేయండి. గాలి ఆడని మధ్య వరసలకి కింద ఫ్యాన్లు పెట్టి కుప్పల మీదుగా తోలితే తేడా వారంలో కనిపిస్తుంది. వాన జల్లు లోపలికి కొట్టకుండా చూరు నాలుగడుగులైనా బయటికి ఉండాలి. కింద నేల చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తుగా ఉండాలి, లేకపోతే ముసురు పట్టినప్పుడు పక్క పొలం నీళ్లు షెడ్డులోకి ఊరుతాయి, మూడు నెలల శ్రమ ఒక్క రాత్రిలో పోతుంది.

తడి చూడటానికి చేతి తొడుగు వేసుకుని పిడికెడు ఎరువు పిండండి. నీరు చెమ్మగిల్లితే పురుగు ఉంటుంది, పొడిపొడిగా రాలితే ఉండదు.

ఈగల మందు పూర్తిగా వద్దనను. కానీ ఎరువు మీద మొత్తం మందు కొట్టొద్దు, మిత్ర పురుగులు ముందు చస్తాయి. ఎగిరే ఈగలకి గోడల మీద, స్తంభాల మీద, ఎర రూపంలో పెట్టండి. దాణాలో కలిపే సైరోమజైన్ అనే మందు ఎరువులో పురుగుని పెరగనివ్వదు, నిజమే, ఏడాది పొడవునా వాడితే ఈగలు దానికి అలవాటు పడతాయి, కాబట్టి వానాకాలంలో చేయి దాటినప్పుడు కొన్ని వారాలు వాడి ఆపేయండి.

సున్నం గురించి ఒక హెచ్చరిక. తడి పీలుస్తుందని ఎరువు మీద సున్నం చల్లడం మన దగ్గర బాగా అలవాటు. సున్నం క్షారం, తడి ఎరువు మీద పడగానే అమ్మోనియా ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఆ కాసేపు కోళ్ల కళ్లు మండిపోతాయి, నత్రజని గాలిలో కలిసిపోతుంది. అమ్మోనియా తగ్గించాలంటే పులుపు గుణం ఉన్నది వేయాలి, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ గానీ పటిక గానీ. గాలిలో అమ్మోనియా 25 పీపీఎం (పది లక్షల భాగాల్లో 25 భాగాలు) దాటకూడదు, 10 లోపు ఉంటే మంచిది. రోజూ షెడ్డులో తిరిగేవాళ్ల ముక్కు దానికి అలవాటు పడిపోతుంది, వాళ్లని అడిగి లాభం లేదు, బయటి మనిషిని పొద్దున్నే లోపలికి పిలిచి కళ్లు మండుతున్నాయా అని అడగండి.

నాలుగో పని: చచ్చిన కోళ్లు

50,000 కోళ్లలో రోజుకి పదో పదిహేనో పోవడం మామూలే. డెల్టాలో అందరూ చెప్పే గొయ్యి పద్ధతి సరిగా పనిచేయదు. వానాకాలంలో కొన్ని అడుగులు తవ్వగానే నీరు ఊరుతుంది, ఆ గోతిలో కోళ్లు వేయడం అంటే ఊరి బోరులో వేయడమే. మెట్ట ప్రాంతంలో, నీరు బాగా లోతున ఉన్నచోట అయితే వేరు.

డెల్టా వాళ్లకి నేను గట్టిగా చెప్పేది కంపోస్టు తొట్టి. సిమెంటు నేల, పైన రేకు, మూడు వైపుల గోడ, ముందు కుక్కలు దూరకుండా జాలీ తలుపు. అడుగున అడుగు మందం ఎండు ఎరువో ఊకో వేసి, దాని మీద కోళ్లని ఒకదాని మీద ఒకటి పడకుండా ఒక్క వరసగా, గోడకి జానెడు దూరంలో పేర్చండి. కొంచెం గడ్డి, మీద జానెడు ఎరువు, పొడిగా ఉంటే కాస్త నీళ్లు చిలకరించండి. మర్నాటి కోళ్లు దాని మీద మరో వరస. రెండు మూడు రోజుల్లో లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీలకి పోవాలి, పొడుగు థర్మామీటర్ గుచ్చి చూడండి. తొట్టి నిండాక నెల రోజులు వదిలి, పక్క తొట్టిలోకి తిరగేస్తే మళ్లీ వేడెక్కుతుంది. ఆ తర్వాత ఎముకలు కూడా చేతితో విరిగిపోతాయి. సరిగా కప్పితే వాసన రాదు, కప్పకపోతే మాత్రం భరించలేరు.

ఒక్కసారిగా చావులు పెరిగితే ఇది వర్తించదు. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు అగ్రహారం ఫారాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. ఆ రోజుల్లో కాలవల్లో చచ్చిన కోళ్లు తేలుతున్నాయన్న వార్తలు అందరం చూశాం. కాలవలో వేసిన కోడి కింద ఊరి తాగునీటి చెరువు దాకా వెళ్తుంది, అడవి పక్షులు పొడుస్తాయి, జబ్బు మళ్లీ పక్క ఫారానికి, చివరికి మనకే వస్తుంది. అనుమానం రాగానే పశువైద్యాధికారికి చెప్పండి, కోళ్లనీ ఎరువునీ గుడ్లనీ బయటికి కదపొద్దు, పూడ్చడం ఎలాగో వాళ్ల బృందమే చూస్తుంది.

ఐదో పని: నిల్వ, కంపోస్టు, పొలం

ఎత్తిన ఎరువుని కాలవ గట్టున కుప్ప పోయడం మానేయాలి. సిమెంటు నేల, పైన కప్పు, చుట్టూ చిన్న గట్టు. అంత డబ్బు ఇప్పుడే లేకపోతే ఎత్తు నేల మీద పోసి మందపాటి టార్పాలిన్ కప్పి అంచుల మీద బరువు పెట్టండి. షెడ్డు కప్పు మీద పడిన వాన నీళ్లు ఎరువుని తాకకుండా విడి కాలవలో పోవాలి.

కోళ్ల ఎరువులో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ, ఒక్కదాన్నే కుప్ప పోస్తే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. వరిగడ్డి, కోనసీమ నుంచి దొరికే కొబ్బరి పొట్టు కలిపి, తడి 50 నుంచి 60 శాతం ఉండేలా చూసి, వారానికోసారి తిరగేయండి. లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు ఉంటే కలుపు గింజలు, చాలా సూక్ష్మజీవులు చస్తాయి. కడియం నర్సరీలకి, కూరగాయల రైతులకి అమ్మాలన్నా పచ్చి ఎరువు కంటే ఇదే నయం.

కొనే రైతుకి ఈ లెక్క చెప్పండి. టన్ను ఎండు ఎరువులో 20 నుంచి 30 కిలోల నత్రజని, దాదాపు అంతే భాస్వరం ఉంటుంది. 50 కిలోల డీఏపీ బస్తాలో భాస్వరం 23 కిలోలు. అంటే ఎకరానికి టన్ను కోళ్ల ఎరువు వేసిన రైతు ఆ పంటకి డీఏపీ మానేయొచ్చు. మన దగ్గర ఎరువూ వేస్తారు, డీఏపీ కూడా వేస్తారు, మిగిలిన భాస్వరం మురుగు కాలవ దారి పడుతుంది. చల్లిన రోజే దున్ని కలిపేయాలి, తుపాను వార్త ఉంటే ఆగాలి, కాలవ గట్టు పక్కన కొన్ని గజాలు వదిలేయాలి.

చేపల చెరువులకి లెక్కాపత్రం లేకుండా పచ్చి ఎరువు తోలడం నాకు అస్సలు నచ్చని పని. ఆ చెరువుల నీళ్లు మురుగు కాలవల్లోకి, అక్కడి నుంచి కొల్లేరుకి పోతాయి. 2002లో రామ్‌సర్ గుర్తింపు (చిత్తడి నేలలకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన సరస్సు అది, దాని మీద ఇప్పటికే చాలా బరువు పడింది. కోడి వ్యర్థాలు, పేగులు చేపలకి మేపడం ఎలాగూ నిషేధం.

బ్రాయిలర్, పందులు ఉన్నవాళ్లకి

బ్రాయిలర్ వాళ్లకి పై సూత్రాలే, కేజీ బదులు ఊక. లిట్టర్ (నేల మీద పరిచిన ఊక) తడి 25 శాతం దగ్గర ఉంచండి, డ్రింకర్ల కింద గడ్డ కట్టినది ఆ రోజే తీసి కొత్త ఊక వేయండి, మిగతా అంతా పొద్దుటి పూట తిరగేయండి.

పందుల దగ్గర సమస్య మూత్రం. మూత్రంలో యూరియా ఉంటుంది, దాన్ని అమ్మోనియాగా మార్చే ఎంజైమ్ పేడలో ఉంటుంది, రెండూ కలిస్తేనే కంపు. నేలకి వాలు ఇచ్చి మూత్రం వెంటనే మురుగు తొట్టికి వెళ్లే పిల్ల కాలవలోకి జారిపోయేలా చేయండి, పేడని ముందు పారతో ఎత్తి ఆ తర్వాతే పైపు పట్టండి. పైపుతో అంతా కడిగేస్తే మురుగు నీళ్లు ఎన్నో రెట్లు అవుతాయి, ఏ తొట్టీ చాలదు. ఆ ముద్దకి గోబర్ గ్యాస్ ప్లాంటు బాగా పనికొస్తుంది. మురుగు తొట్టిలోకి మాత్రం, అది ఖాళీగా కనిపించినా, మనిషిని దించొద్దు. అందులో పేరుకునే వాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది, కాపాడబోయి దిగినవాళ్లు కూడా పోతారు.

అనుమతులు, ఊరివాళ్లతో మాట

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 ఆదేశం తర్వాత కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోళ్ల ఫారాల నిబంధనలు సవరించింది. 5,000 పైన కోళ్లున్న ఫారాలు రాష్ట్ర మండలి నుంచి 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద అనుమతి తీసుకోవాలి. కొత్త ఫారం అయితే ఇళ్లకి 500 మీటర్లు, కాలవలకి, తాగునీటి బావులకి 100 మీటర్లు దూరం చూసుకుని స్థలం కొనండి, కొన్నాక చూసుకుంటే ఏమీ చేయలేం.

ఊరి వైపు రెండు మూడు వరసల చెట్లు వేస్తే దుమ్ము, వాసన కొంత ఆగుతాయి. సరుగుడు, కానుగ లాంటివి వేయండి, పండ్ల చెట్లు వద్దు, వాటికి వచ్చే పక్షులు జబ్బులు తెస్తాయి. షెడ్డుకి మరీ దగ్గరగా వేసి గాలి ఆపేయకండి.

ఎరువు ఎత్తే రోజు ముందే పంచాయతీలో చెప్పండి. పెళ్లిళ్లు, పండగలు ఉన్న వారంలో పెట్టుకోవద్దు, గాలి ఊరి వైపు కొడుతుంటే ఆపండి, లారీ మీద పట్టా కట్టి వెనక డాలా సందులోంచి కారకుండా చూడండి, రోడ్డు మీద ఒలికితే మీ మనుషుల్నే పంపి కడిగించండి. నీళ్ల మీటరు రీడింగు, చావులు, ఎరువు ఎవరికి ఎన్ని టన్నులు వెళ్లింది, ఎవరు ఏ రోజు ఏం ఫిర్యాదు చేశారు అన్నవి ఒకే పుస్తకంలో రాయించండి. మండలి అధికారి వచ్చినా, ఊరి పెద్దలు వచ్చినా అడిగేవి ఇవే.